నూట పదిహేడో రాయి

611వ రోజు

ఈ ఉదయం రాయి మీద పసుపు ఇంకా ఆరలేదు. అందులో ఒక ఎర్రచీమ కాళ్ళు ఇరుక్కుని గింజుకుంటోంది. అగ్గిపుల్లతో దాన్ని విడిపించి ఇసక మీద వదిలాను. ఆ తర్వాత ట్రైపాడ్ దింపాను.

రాయికి పది అడుగులు వెనక నిలబడాలి. ఫ్రేములో ఎడమ అంచున రాయి, మిగతాదంతా సముద్రం. మనుషులు, పడవలు ఉండకూడదు. సూర్యోదయమైన పది నిమిషాలకి ఒకే ఒక్క ఫొటో. సరిగా రాకపోతే రాలేదని రాసుకోవాలి, రెండోది తీయకూడదు.

ఇవాళ గాలి లేదు. నీళ్ళు నూనెలా కదిలాయి. దూరంగా వెలుతురు ఒక చారలా పడి, ఒడ్డు దాకా రాకుండా ఆగిపోయింది. ఇలాంటి రోజు ఇంకో రెండు ఫొటోలు తీసుకోవాలనిపిస్తుంది. ఫిల్ము నెలకి ముప్పై ఒక్క ముక్కలే వస్తాయి.

చీకటి గదిలో కడిగి, ప్రింటు తీసి, తీగకి తగిలించాను. అది ఆరేలోపు అంబలి తాగాను. ప్రింటు మీద స్కేలు పెట్టి లెక్కగట్టాను. రాయికీ నీటి అంచుకీ మధ్య తొంభై అడుగులు. నిన్నా తొంభయ్యే. నేను వచ్చినప్పటి నుంచి డెబ్బై అయిదుకి తగ్గలేదు, తొంభై మూడుకి పెరగలేదు. వరసగా ముప్పై ఫొటోల్లో నీళ్ళు రాయిని తాకితే ఊరిని మెట్ట మీదికి తరలిస్తారు. మా 117వ రాయి పదకొండేళ్ళలో ఒక్కసారీ తడవలేదు. పైడిమొగ చాలా మంచి తీరమని, నన్ను ఇక్కడ సాక్షిగా పెట్టిన ఆఫీసులో పేరు.

ఎనిమిదింటికి అసిరమ్మ వచ్చింది. తలమీది చేపల బుట్ట గడపలో దించి, చీర చెంగుకి చేయి తుడుచుకుంది. ప్రింటు వెనక రోజూ ఆమె వేలిముద్రే. యంత్రాలు చూపించే ఏ బొమ్మనీ కోర్టులు నమ్మడం మానేశాక చెల్లేవి మూడే మిగిలాయి: ఫిల్ము, తీసినవాళ్ళ సంతకం, ఊరి మనిషి ఒకరి వేలిముద్ర.

"ఆరిందేటి?"

"ఆరిందండీ, అసిరమ్మగారూ."

"గారేటి. నానేటి తాసిల్దారునా." వేలు సిరాలో ముంచి, ప్రింటు తిప్పి ముందు బొమ్మ చూసింది. "ఇయాల అమ్మోరు నిండుగ ఉంది. నిన్న మొకం వాడిపోయినట్టుంది."

ఊళ్ళోవాళ్ళు రాయిని అమ్మోరు అంటారు. పసుపు పూస్తారు, బొట్టు పెడతారు. రాయికి పసుపు పూయకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. చూసుకున్నాను.

ఆమె వెళ్ళాక గుమ్మంలో రెండు కానాగంత చేపలు, ఆకులో చుట్టి ఉన్నాయి. ఎప్పుడు పెట్టిందో. పిలిచి థాంక్స్ చెప్పాలనుకున్నాను. అప్పటికే దిబ్బ దాటింది.

ఇవాళ నేను మాట్లాడిన మాటలు రెండు.

614వ రోజు

గాలి ఎక్కువ. లెన్సు మీద ఉప్పు పేరుకుంటోంది. బట్ట తడిపి తుడవడానికి మంచినీళ్ళు అరగ్లాసు ఖర్చయ్యాయి. నీళ్ళ యంత్రం రోజుకి నాలుగు లీటర్లే ఇస్తుంది, అందులో రెండు ఫిల్ముకి పోతాయి.

ట్రంకు పెట్టె తెరిచి పుస్తకాలు గాలికి పెట్టాను. ముప్పై రెండు. నేను పెరిగిన కాన్వెంటు మూసేసిన రోజు సిస్టర్ బెనెడిక్ట నన్ను లైబ్రరీలోకి పంపి, మోయగలిగినన్ని తీసుకో అంది. ఇంకో పది మోయగలిగేదాన్నని తర్వాత తెలిసింది.

అసిరమ్మ కాసేపు కూర్చుంది. ఎప్పుడూ కూర్చోదు. గాలికి పడవలు కదల్లేదు కాబట్టి తీరిక.

"పండక్కి తలుపులేసుకు కూకున్నావంట."

"చదువుకుంటున్నానండీ."

"రోజూ సదువుతావు. ఆ ఒక్కపొద్దు సదవకపోతే మరిసిపోతావేటి? ఊరంతా అమ్మోరి కాడున్నాది. ఫొటోలమ్మ ఏదీ అని మసేను అడిగినాడు. అమ్మోరికి రోజూ ఫొటో తీత్తాది, అమ్మోరి సంబరానికి రాదేటని."

మసేను వీళ్ళ కులపెద్ద, అసిరమ్మకి మరిది. నాకు ఎదురుపడితే తలపాగా తీసి పక్కకి తప్పుకుంటాడు. నేనూ పక్కకి తప్పుకుంటాను. అలా ఇద్దరం చెరోపక్క నిలబడి ఉంటాం.

పండగరోజు కిటికీ మూసుకుని డప్పులు విన్నాను. మనుషులు గుంపుగా ఉన్నచోటికి నేను చిన్నప్పటి నుంచీ వెళ్ళలేను. అది అసిరమ్మకి చెప్పి ఉండాల్సింది. ఆమె వెళ్ళాక చెప్పాను, గోడకి.

618వ రోజు

పౌర్ణమి. ఉదయం ఫొటో బాగానే వచ్చింది. తొంభై ఒకటి.

మధ్యాహ్నం మూడింటికి కిటికీలోంచి చూస్తే నీళ్ళు చాలా వెనక్కి పోయి ఉన్నాయి. రెండు రోజుల గాలికి ఇసక కొట్టుకుపోయి కింది నల్లమట్టి బయటపడింది. అలలు విరిగే చోట చదరంగా ఏదో కనిపించింది. పడవ చెక్క అనుకున్నాను. దానిమీద కొంగ ఒకటి నిలబడి ఉంది, కదలకుండా.

చెప్పులు రాయి దగ్గర విడిచి వెళ్ళాను.

సిమెంటు దిమ్మ. మూడడుగుల చదరం. మధ్యలో లోతుగా ఒక గాడి. గాడి అంచుల మీద గుల్లలు పట్టి ఉన్నాయి. చేత్తో నాచు తుడిచాను. పక్కన పచ్చి సిమెంటులో చెక్కిన అంకె: 117.

గాడి కొలత జానతో చూసుకున్నాను. వెనక్కి వచ్చి రాయి అడుగున ఇసక తవ్వి, దాని మందం కూడా జానతో చూశాను. సరిపోయింది. రాయి ఆ గాడిలోది.

దిమ్మ నుంచి రాయి దాకా అడుగులు లెక్కపెట్టాను. అరవై నాలుగు. కాన్వెంటు కవాతులో నేర్పిన అడుగు నాది, రెండున్నర అడుగుల పొడవు. మళ్ళీ వెళ్ళి మళ్ళీ లెక్కపెట్టాను. అరవై నాలుగు. నూట అరవై అడుగులు.

మూడోసారి వెళ్ళేసరికి దిమ్మ మీదికి నీళ్ళు వచ్చేశాయి.

619వ రోజు

తొంభై. ప్రింటు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. ఏం అడగాలో పొద్దున్నే కాగితం మీద రాసి పెట్టుకున్నాను. కాగితం చూడకుండానే అడిగాను.

"అసిరమ్మగారూ, ఆ రాయి మొదటి నుంచీ అక్కడే ఉందా?"

"అక్కడెందుకుంతాది? ఏడాదేడాదీ జరుపుతాం కదా." అంత మామూలుగా చెప్పింది. "అమ్మోరి కాళ్ళు తడవకూడదు. మా అత్త నాటి నుంచీ అంతే."

"ఎలా జరుపుతారు?"

"పండగనాడు ఊళ్ళో పెద్ద ముత్తయిదువు నీటి అంచున నిలబడతాది, సముద్రానికి ఎనక్కి తిరిగి. కల్లు మూసుకుని ఒడ్డుకి నడుత్తాది. ఈపు మీద తుంపర తగిలినంతసేపూ నడవాల. తగలడం మానీసిన కాడ ఆగాల. అక్కడ అమ్మోర్ని కూకోబెడతాం. ఎనిమిదిమంది మొగోలు మోత్తారు. బరువేటి తక్కువా." నవ్వింది. "మూడేల్ల కాడనుంచి నడిసేది నానే."

అందుకే తొంభై. ప్రతి ఏడాదీ తుంపర ఆగే చోటు అదే దూరంలో ఉంటుంది.

ఆ రాయిని ఆఫీసువాళ్ళు పాతారని మెల్లగా చెప్పాను. తెలుసంది. పాత అమ్మోరు తుపానులో సముద్రంలోకి పోయిందట. మరుసటేడు గవర్నమెంటోళ్ళు లారీలో తెల్లరాయి తెచ్చి ఒడ్డున నిలబెట్టారట. అమ్మోరు గవర్నమెంటోళ్ళ చేత తిరిగి వచ్చిందని ఆమె అత్త కొబ్బరికాయ కొట్టిందట. ఆ తర్వాత రోజూ ఫొటో తీయడానికి ఒక మనిషిని కూడా పెట్టారు.

"రోజూ అమ్మోరికి ఫొటో తీయించే గవర్నమెంటు ఇంకెక్కడుందని మా సుట్టాల దగ్గిర సెప్పుకుంతాం" అంది.

ప్రింటు ఆమె వైపు తిప్పి చూపించాను. "సముద్రం ఎంత దగ్గరికి వచ్చిందో చూడ్డానికండీ, ఆ ఫొటో. రాయి కదలకూడదు. కదిలితే తెలియదు."

"సముద్రం వత్తందని తెల్డానికి ఫొటో ఎందుకు? మా పాత ఈది నీటిలోనే ఉంది కదా. ఆ ఫొటోలు ఆపీసుకెల్తన్నాయి, ఆల్లు అమ్మోర్ని సూత్తన్నారు, ఎప్పుడెల్లాలో ఆల్లే సెప్తారని మసేను అంతాడు. అందుకే కూకున్నాం."

చెప్పడం ఆపి నా ముఖం చూసింది. చేతిలోని ప్రింటు చూసింది.

"అయితే ఈ ఫొటో అమ్మోరికి కాదేటి?"

"కాదండీ. నీళ్ళకి."

వేలిముద్ర వేసింది. బుట్ట ఎత్తుకుంది. ఇవాళ గుమ్మంలో చేపలు లేవు. అలాగని కోపం లేదు ఆమె నడకలో. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు నడిచింది.

621వ రోజు

రెండు రోజులుగా వైర్‌లెస్ పక్కన కూర్చుని లేస్తున్నాను.

నిన్న పోటు వేళ నీటి అంచు నుంచి మసేను ఇంటి అరుగు దాకా నడిచాను. యాభై ఎనిమిది అడుగులు నావి. ఎవరైనా చూస్తే ఏం చెప్పాలా అని భయపడ్డాను. పిల్లలు చూశారు, ఎందుకని అడగలేదు. ఫొటోలమ్మ ఇలాంటి పనులే చేస్తుందని వాళ్ళ ఉద్దేశం కాబోలు.

రాయి దాని గాడిలో ఉండి ఉంటే సముద్రం దాన్ని దాటి దాదాపు ఐదేళ్ళయి ఉండేది. ఊరు మెట్ట మీద ఉండేది. ఐదు తుపాను కాలాలు వీళ్ళు ఇక్కడ ఊరికే గడిపారు. ఆరోది ఇంకో నలభై రోజుల్లో మొదలవుతుంది.

ఊరందరికీ తెలుసు. తెలియనిది నా ఫొటోలకే. ఆరు వందల ఇరవై సముద్రాలు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. ఒక్కోటీ విడిగా చూస్తే నిజమే. నేను ఏదీ దిద్దలేదు. వాటిలో కొన్నిటిని నేను చాలా ఇష్టపడ్డాను కూడా. 340వ రోజుది, వాన నిలువుగా పడుతూ ఒక పక్క మాత్రం ఎండ ఉన్నది, పడక మీద గోడకి అంటించుకున్నాను. అలా ఉంచుకోవడానికి కూడా వీల్లేదు, అదీ ఇవాళ రాసి పెడుతున్నాను.

చెబితే విచారణకి వస్తారు. ఏం అడుగుతారో నాకు తెలుసు.

సాయంత్రం ఐదింటికి వైర్‌లెస్‌లో చెప్పాను. అవతలి వ్యక్తి నన్ను మూడుసార్లు గట్టిగా మాట్లాడమన్నాడు.

625వ రోజు

బస్సులో విచారణాధికారి పాత్రుడు గారు, కొలతలు తీసే మనిషి ఒకరు వచ్చారు. పాత్రుడు గారు యాభై దాటినాయన. గొడుగు, ఫైలు, సొంత మంచినీళ్ళ సీసా. నా గదిలో ఉన్న ఒక్క కుర్చీ ఇచ్చాను. పుస్తకాలు చూసి, "ఇవన్నీ చదివారా ఫిలోమిన గారూ?" అన్నారు. రెండేసిసార్లు అని చెప్పలేదు. తల ఊపాను.

ఆటుకి దిమ్మ బయటపడలేదు. మసేను నడుముల్లోతు నీళ్ళలోకి దిగి, కాళ్ళతో వెతికి దాని మీద నిలబడ్డాడు. పాత్రుడు గారు ఒడ్డు నుంచే రాసుకున్నారు.

వలల పాక కింద ఊరంతా కూర్చుంది. నేను స్తంభం వెనక నిలబడ్డాను.

"రాయి కదిపింది మీరేనా?"

"రాయి కాదు బావూ, అమ్మోరు" అన్నాడు మసేను.

"సరే, అమ్మవారు. కదిపింది మీరేనా?"

"మేం కాక ఇంకెవలు కదుపుతారు? మా అమ్మోరు."

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. పాత్రుడు గారు కూడా కొంచెం నవ్వారు. తర్వాత ఫైల్లోంచి కొలతల పుస్తకం తీశారు.

"ఒక్కటి చెప్పండి. ప్రతి అమావాస్యకీ స్టేషను గడప నుంచి రాయి దాకా దూరం కొలిచి రాస్తారు. పదకొండేళ్ళ కొలతలు ఇవి. ప్రతి నెలా నాలుగు వందల అడుగులే. ఒక్క అంగుళం తేడా లేదు. ఇవాళ నా మనిషి లేజరుతో చూస్తే రెండు వందల నలభై. మీరు ఏటా జరుపుతుంటే ప్రతి నెలా నాలుగు వందలు ఎలా వచ్చాయి?"

ఆ ప్రశ్న వాళ్ళకి అర్థం కాలేదు.

"నేను చెప్పనా? అమావాస్య ముందురోజు పాత చోటికి మోసుకెళ్ళారు. కొలత అయ్యాక మళ్ళీ ముందుకి తెచ్చారు. ఊరు వదలడం ఇష్టం లేని వాళ్ళు ఇలాంటివి చేస్తారు. దక్షిణాన రెండు ఊళ్ళలో చూశాను."

"పాత సోటు నీటిలో ఉంటే ఎలాగెడతాం బావూ?"

"మీకు ఈత రాదా?"

అసిరమ్మ లేచింది. "ఎనిమిదిమంది మోసిన బరువు. నెలకి రెండుసార్లు అలల్లోకి మోసుకెల్లి తెత్తే, ఆ పాటికి మా మొగోలకి నడుములుంతాయేటి?"

ఆయన విన్నారు, రాసుకున్నారు. తర్వాత మామూలు గొంతుతో చెప్పారు. తెలియక కదిపితే తప్పు లేదు, మెట్ట మీద ఏడో బ్లాకు మొత్తం ఖాళీగా ఉంది, నలభై మూడు గడపలూ ఒకే చోటికి వెళ్ళవచ్చు. తెలిసి మోసం చేసిన ఊరికి ఊరుగా స్థలం ఇవ్వరు. చీటీలు తీస్తారు. ఎవరికి ఏ మెట్ట వస్తే అక్కడికి.

"ఊరు ఊరుగా ఎల్తే ఎక్కడైనా బతుకుతాం" అన్నాడు మసేను. "ఇడిపోతే మా అమ్మోర్ని ఎవలు మోత్తారు? ఒక్కో కొండకి ఒక్కో మొగోడు మోత్తాడా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

గదికి తిరిగి వచ్చాక పాత్రుడు గారు నా టీ తాగారు. "మీరేం బాధపడకండి. మీ మీద అనుమానం లేదు. తప్పుడు అంకె వేస్తే ఇంక జన్మలో సాక్షి ఉద్యోగం ఉండదని ప్రతి సాక్షికీ తెలుసు. అంత చిన్న పనికి అంత పెద్ద నష్టం ఎవరు తెచ్చుకుంటారు? అందుకే కదిలింది రాయే."

నేను కప్పు కడిగాను. చాలాసేపు కడిగాను.

626వ రోజు

ఎనభై తొమ్మిది. అలలు పొట్టిగా, తొందరగా. ఆకాశమంతా ఒకటే బూడిదరంగు.

అసిరమ్మ రాలేదు. పది దాకా చూశాను. వేలిముద్ర లేకుండా ప్రింటు కవరులో పెట్టాను. నేను ఇక్కడికి వచ్చాక వేలిముద్ర లేనిది ఇదే మొదటిది. చెల్లదు.

పాత్రుడు గారు ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి పేర్లు రాసుకుంటున్నారు. చీటీలకి పేర్లు కావాలి. మధ్యాహ్నం గుమ్మం దగ్గర నిలబడితే ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టడం కనిపించింది. ఎప్పుడూ పాడుకుంటూ తిప్పుతారు. ఇవాళ తిప్పే చప్పుడు ఒక్కటే వినిపించింది.

పుస్తకం తెరిచాను. ఒకే పేజీ నాలుగుసార్లు చదివాను.

627వ రోజు

తొంభై.

అసిరమ్మ వచ్చింది. బుట్ట లేదు. లోపలికి వచ్చి నేల మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఇద్దరం నేల మీద కూర్చోవడం ఇదే మొదలు.

"ఆయన కాగితాలు రాసీసినాడు. రేపు నువ్వు సంతకం ఎడితే అయిపోతాదంట."

"అవునండీ."

"ఆ కాగితంలో ఏటుంది?"

చదివి వినిపించాను. అమావాస్య కొలతలు నియమం ప్రకారమే జరిగాయి. ఆ రోజుల్లో గ్రామస్థులు రాయిని పాత చోటికి చేర్చి సాక్షిని మోసగించారు. వేలిముద్రలు వేసిన అసిరమ్మ అనే ఆమెకి ఈ విషయం తెలుసు.

"అనే ఆమె" అంది అసిరమ్మ. ఆ మాటని నోట్లో ఒకసారి తిప్పి చూసుకుంది. "మూడేల్లుగా కల్లు మూసుకుని నడిసినాను గుంటా. ఒక్కపాలీ కల్లు తెరవనేదు. తెరిత్తే అమ్మోరికి అపచారం. రెండు కాల్లూ రాల్లకి కొట్టుకుని నెత్తురొచ్చినా తెరవనేదు. నన్ను పట్టుకుని దొంగలెక్క అంతన్నాడు."

నేను కాగితం మడిచి పక్కన పెట్టాను.

"మా కోడలి పుట్టింటోలు కూడా ఇక్కడే. ఆల్లకో కొండ, మాకో కొండ పడితే ఆ పిల్ల ఏ కొండెక్కాల? మసేనుకి కల్లు సరిగ్గా కనపడవు. ఊళ్ళో అందరి గొంతులూ తెలుసు గనక తిరిగేత్తన్నాడు. కొత్త గొంతుల్లో పడితే గడప దాటడు."

చెంగుతో ముఖం తుడుచుకుంది. ఏడవలేదు, చెమట.

"నీకు తెల్దేటి గుంటా? నువ్వు రోజూ రాయి కాడే ఉంతావు. మేం అమాసకి అమ్మోర్ని మోసుకెల్డం ఎప్పుడైనా సూసినావా?"

"చూడలేదండీ."

"మరి ఆయనతో సెప్పనేదేటి?"

జవాబు నాలో సిద్ధంగా ఉంది. నోటిదాకా వచ్చింది. నేను తలదించుకుని ప్రింటు ఆమె ముందుకి జరిపాను. ఆమె దాన్ని చూసింది, సిరా చూసింది. వేలు ముంచలేదు. లేచి, చేత్తో చీర దులుపుకుని వెళ్ళిపోయింది. గుమ్మం దాటాక ఆగి, ఇటు తిరగకుండా అంది:

"నువ్వు మంచిదానివే. అదేటో మరి, మనుసులంటే నీకు అంత బయం."

628వ రోజు

పొద్దున ఫొటో తీశాను. సూర్యుడు మబ్బు లోంచి రాలేదు, అయినా నీళ్ళ మీద ఎక్కడి నుంచో వెలుతురు ఉంది. తొంభై. సంతకం పెట్టాను. వేలిముద్ర లేదు.

పాత్రుడు గారి బస్సు పదింటికి. ఆయన కాగితం నా బల్ల మీద ఉంది, కింద నా పేరు టైపు చేసి ఉంది. దాని మీద సంతకం పెట్టడం లేదు. దానికి బదులు ఈ పుస్తకం ఇస్తాను. చదవాల్సింది ఈ పేజీ ఒక్కటే. మిగతావి కూడా చదువుతారేమో, చదవనీ.

ఎదురుగా చెబితే మాట తడబడుతుంది కాబట్టి రాస్తున్నాను.

పైడిమొగ ఎవరినీ మోసం చేయలేదు. అమావాస్యనాడు రాయిని ఎవరూ వెనక్కి మోయలేదు. మిగతా రోజుల్లో ఎక్కడుందో ఆ రోజూ అక్కడే ఉంది. ఏటా ఒకసారి, పండగనాడు, అందరి ముందూ, డప్పులు వాయిస్తూ జరిపారు. దాచలేదు. ఆ రోజు నేను కిటికీ తీసి ఉంటే నాకూ కనిపించేది. అసిరమ్మ వేసిన ప్రతి వేలిముద్రా నిజమైనదే. ఆమె ఫొటోలో ఏం చూసిందో దానికే వేసింది. ఈ ఊరికి ఏడో బ్లాకు మొత్తం ఇవ్వాలి.

కొలతల పుస్తకంలో ఆఖరి ఇరవై ఒక్క గడులు నా చేతిరాత. పై గడిలో ఉన్న అంకెనే కింది గడిలో దించాను. నాకు ముందున్నాయన ఏం చేశారో నేను చెప్పలేను. నేను మాత్రం ఒక్క అమావాస్యకీ కొలవలేదు. తప్పుడు అంకె వేసిన సాక్షికి ఏమవుతుందో తెలుసు. ట్రంకు సర్దుకున్నాను.

బద్ధకం వల్ల కాదు. టేపు నూరు అడుగులది, కొత్తది, గూటిలో ఉంది. గడప దగ్గర మొదలుపెట్టి మూడుసార్లు జరుపుకుంటూ పోవాలి, ప్రతిసారీ రెండో కొస ఒకరు పట్టుకోవాలి. పట్టుకోమని నేను ఎవరినీ అడగలేకపోయాను.